అడ్రిఫ్ట్: కట్టు తెగిన పడవ మాట (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఇంగ్లిషు పాఠాలు చెప్పడం, ఇంగ్లిషు నుంచి తెలుగులోకి వచ్చిన అనువాదాలు దిద్దడం నా రోజువారీ పని. ఈ రెండు పనుల్లోనూ తరచూ చిక్కు పెట్టే మాటల్లో అడ్రిఫ్ట్ ఒకటి. నిఘంటువు తెరిస్తే అర్థం దొరుకుతుంది. ఆ అర్థాన్ని తెచ్చి వాక్యంలో పెడితే అతకదు. ఏళ్ల తరబడి విద్యార్థులూ అనువాదకులూ నన్ను అడిగిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఇది ఓడల వాళ్ల మాట కాబట్టి ముందు నీళ్ల దగ్గర మొదలుపెట్టి, తర్వాత మనుషుల దగ్గరికి వస్తాను.

అడ్రిఫ్ట్ అంటే ఒక్క ముక్కలో ఏమిటి?

కట్టు తెగి, నడిపే చెయ్యి లేక, గాలి ఎటు తోస్తే అటు, నీరు ఎటు లాగితే అటు పోతూ ఉండటం. ఇందులో రెండు సంగతులు ఉన్నాయి. పడవను పట్టి ఉంచే తాడు గానీ లంగరు గానీ లేదు. దాన్ని నడిపే చుక్కాని, తెడ్డు, ఇంజను ఏదీ పని చేయడం లేదు. ఈ రెండూ కలిస్తేనే అడ్రిఫ్ట్.

విశాఖపట్నం చేపలరేవులో ఒక తెల్లవారుజామున చూసిన దృశ్యం నాకు ఈ మాటను నిఘంటువుల కంటే బాగా నేర్పింది. గట్టుకు కట్టిన చిన్న పడవ ఒకటి. దాని నైలాను తాడు రోజూ సిమెంటు అంచుకు రాసుకుని, అక్కడ పీచులేచి బొంతలా అయింది. మేము చూస్తుండగానే చివరి పోగు తెగింది. చప్పుడు లేదు. గట్టుకూ పడవకూ మధ్య ముందు బెత్తెడు నీరు కనిపించింది, తర్వాత మూరెడు, తర్వాత బారెడు. పడవ ముందుకు పోలేదు, వెనక్కీ పోలేదు. అడ్డంగా, పక్కవాటుగా జరుగుతూ పోయింది. నడిపే పడవ ఎప్పుడూ అలా కదలదు. తాడు ముక్క దాని కొసన నీళ్లలో ఈడ్చుకుంటూ వెళ్లింది. ఒక కుర్రవాడు దూకి ఆ తాడు అందుకునే దాకా, ఆ నిమిషం రెండు నిమిషాల పాటు ఆ పడవ ఉన్న స్థితి పేరే అడ్రిఫ్ట్.

నీళ్లలో ఈడ్చుకుంటూ పోతున్న ఆ తాడు ముక్కను గుర్తుపెట్టుకోండి. కింద దాదాపు ప్రతి జవాబులోనూ అది మళ్లీ వస్తుంది.

నిఘంటువులో "తేలుతూ" అని ఉంది. అలా రాస్తే తప్పా?

చాలా చోట్ల తప్పే. నేను దిద్దిన ఒక అనువాదంలో, ఉద్యోగ విరమణ చేసిన పెద్దాయన గురించి ఇంగ్లిషు రచయిత అడ్రిఫ్ట్ అని రాస్తే, తెలుగులో "పదవీ విరమణ తర్వాత ఆయన తేలిపోతున్నారు" అని వచ్చింది. తెలుగులో మనిషి తేలిపోతున్నాడంటే సంతోషంతో కాళ్లు నేల మీద ఆనడం లేదని. పెళ్లి కుదిరినవాడు గాలిలో తేలిపోతాడు, మొదటి జీతం అందుకున్నవాడు మబ్బుల్లో తేలిపోతాడు. మూల రచయిత చెప్పింది దానికి సరిగ్గా ఎదురు సంగతి. ఒక్క క్రియ మారి ఆ పెద్దాయన దుఃఖం పండుగ అయిపోయింది.

తేలడానికి ఇంగ్లిషులో వేరే మాట ఉంది, అఫ్లోట్. అది మునగకుండా ఉండటం. రేవులో గట్టిగా కట్టిన పడవ అఫ్లోట్, కానీ అడ్రిఫ్ట్ కాదు. వ్యాపారం నష్టాల్లో ఉన్నా మూతపడకుండా నెట్టుకొస్తున్నారంటే దాన్ని అఫ్లోట్ గా ఉంచుతున్నారని అంటారు. అది మెచ్చుకోలు మాట. అదే వ్యాపారం అడ్రిఫ్ట్ అంటే పట్టించుకునేవారు లేక, ఎటు పోతుందో తెలియకుండా ఉందని.

రెండూ ఒకేసారి వర్తించే సందర్భాలు ఉంటాయి. 1992 జనవరిలో ఉత్తర పసిఫిక్ మహాసముద్రంలో ఒక సరుకు ఓడ మీది నుంచి కంటైనర్లు నీళ్లలో పడి, 28,800 ప్లాస్టిక్ స్నానపు బొమ్మలు సముద్రం పాలయ్యాయి. బాతులు, తాబేళ్లు, కప్పలు, బీవర్లు. వాటిలో కొన్ని నెలల తర్వాత అలాస్కా తీరానికి చేరాయి. మునగలేదు కాబట్టి అఫ్లోట్, ఎవరి అదుపులోనూ లేవు కాబట్టి అడ్రిఫ్ట్. సముద్ర ప్రవాహాలు ఎటు పోతాయో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలకు అవి అందుకే పనికొచ్చాయి. తమంతట తాముగా ఎటూ పోలేని వస్తువే నీటి దారిని చూపగలదు.

ఈ మాట ఎలా పుట్టింది? ఎలా పలకాలి?

డ్రిఫ్ట్ అనే నామవాచకానికి ముందు అ చేరింది. ఆ అ పాత ఇంగ్లిషులో ఆన్ అనే విభక్తి అరిగి మిగిలిన ముక్క. అంటే కొట్టుకుపోవడం "మీద" ఉన్నదని. మన "లో", "మీద" లాంటి ప్రత్యయమే, కాకపోతే మాటకు ముందు అంటుకుంది. అబోర్డ్, అషోర్, అగ్రౌండ్, అస్టర్న్ అన్నీ ఈ కుటుంబంవే. ఓడ మీద, ఒడ్డు మీద, నేలకు ఆనుకుని, వెనక వైపున. పదిహేడో శతాబ్దం తొలి దశకాల నుంచి అడ్రిఫ్ట్ ఇంగ్లిషు రాతల్లో కనిపిస్తుంది.

డ్రిఫ్ట్ అనేది డ్రైవ్ కు చుట్టం. బండిని తోలే డ్రైవే. గాలి తోలినది డ్రిఫ్ట్. తోలేది మనిషి అయితే ప్రయాణం, గాలి అయితే కొట్టుకుపోవడం. ఒకే వేరు నుంచి ఈ రెండూ రావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

పలికేటప్పుడు మొదటి అక్షరాన్ని తేల్చి, బరువంతా డ్రి మీద వేయాలి. మనవాళ్లు చాలామంది ఎ అనో యా అనో మొదలుపెట్టి అక్కడే ఒత్తుతారు. అలా ఒత్తకండి.

దీన్ని నామవాచకానికి ముందు పెట్టవచ్చా? "అడ్రిఫ్ట్ బోట్" అనవచ్చా?

అనకూడదు. పరీక్ష కాగితాల్లో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. తెలుగులో విశేషణం ఎప్పుడూ నామవాచకానికి ముందే వస్తుంది, "కొట్టుకుపోతున్న పడవ" అంటాం. ఆ అలవాటుతో ఇంగ్లిషులోనూ ముందు పెట్టేస్తాం. కానీ ఈ అ కుటుంబం మాటలు క్రియ వెనకనో నామవాచకం వెనకనో మాత్రమే కూర్చుంటాయి. "ద బోట్ వాజ్ అడ్రిఫ్ట్" సరైనది. "ఎ బోట్ అడ్రిఫ్ట్ ఇన్ ద బే" కూడా సరైనదే, అఖాతంలో కొట్టుకుపోతున్న పడవ అని. ముందు పెట్టాలనే ఉంటే "ఎ డ్రిఫ్టింగ్ బోట్" అనండి.

వెరీ అనే మాట కూడా దీనికి నప్పదు. తాడు తెగిందా లేదా అన్నదే లెక్క, కొంచెం తెగడం ఎక్కువ తెగడం ఉండదు. గట్టిగా చెప్పాలంటే కంప్లీట్లీ, అటర్లీ లాంటివి వాడతారు.

ఏ క్రియల పక్కన వస్తుంది?

ఈ మాట సత్తువంతా పక్కన ఉన్న క్రియలోనే ఉంది, అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను. తాడు ఎవరు తెంపారు, ఎలా తెగింది అన్నది చెప్పేది ఆ క్రియే.

"బ్రేక్ అడ్రిఫ్ట్" అంటే తనంతట తానే తెంచుకుని పోవడం. తుపాను రాత్రి రేవులోని పడవలకు జరిగేది ఇది. "కట్ అడ్రిఫ్ట్" అంటే ఎవరో కత్తితో కోసేశారు. "సెట్ అడ్రిఫ్ట్" అంటే కావాలని నీళ్లలోకి వదిలారు. "కాస్ట్ అడ్రిఫ్ట్" కూడా అదే, కానీ అందులో నిర్దయ ఎక్కువ, విసిరి పారేసినట్టు ఉంటుంది. "టర్న్ అడ్రిఫ్ట్" మనుషుల విషయంలో ఎక్కువ వస్తుంది, ఇంట్లోంచో కొలువులోంచో గెంటేయడం. "లీవ్ అడ్రిఫ్ట్" అంటే తెంపకపోయినా, తెగిందని తెలిసి పట్టించుకోకపోవడం.

మనుషుల సంగతులు రాసేటప్పుడు ఈ తేడాలే ప్రాణం. కర్మాగారం మూతపడి కార్మికులు వీధిన పడ్డారని రాస్తున్నారనుకోండి. కాస్ట్ అంటే యాజమాన్యం తెంపిందని మీరు వేలెత్తి చూపుతున్నట్టు. లీవ్ అంటే మూత తర్వాత ఎవరూ ఆదుకోలేదని. తెలుగులో మొదటిదానికి "నడిరోడ్డున పడేశారు" సరిపోతుంది. రెండోదానికి "గాలికి వదిలేశారు" అన్నది చక్కగా కుదురుతుంది. మన భాషలో ఈ పలుకుబడి ఉండగా "కొట్టుకుపోయేలా చేశారు" అని రాయడం ఎందుకు? పథకాన్ని గాలికి వదిలేశారు, పిల్లల చదువును గాలికి వదిలేశారు అని రోజూ అంటూనే ఉన్నాం. పడవ కనిపించకపోయినా అందులో గాలి ఉంది, విడిచిన చెయ్యీ ఉంది.

బౌంటీ ఓడ తిరుగుబాటు కథలో కెప్టెన్ బ్లైను సముద్రంలో వదిలేశారు కదా. అతను చివరిదాకా అడ్రిఫ్ట్ గానే ఉన్నాడా?

మంచి ప్రశ్న. 1789 ఏప్రిల్ 28న టోంగా దీవుల దగ్గర తిరుగుబాటుదారులు విలియం బ్లైనూ, అతని పక్షాన ఉన్న పద్దెనిమిది మందినీ 23 అడుగుల పడవలోకి దింపి తాడు వదిలేశారు. ఆ పనికి "సెట్ అడ్రిఫ్ట్" అన్నదే సరైన మాట, పుస్తకాలన్నీ అలాగే రాస్తాయి. కానీ ఆ తర్వాత వాళ్లు తెరచాప ఎత్తారు, దిశ చూసుకున్నారు, రొట్టెను తూచి పంచుకున్నారు. దాదాపు 6,700 కిలోమీటర్లు ప్రయాణించి జూన్ 14న తిమోర్ దీవిలోని కుపాంగ్ రేవు చేరారు. ఆ ఆరు వారాల పైచిలుకు కాలంలో వాళ్లు అడ్రిఫ్ట్ కాదు. తాడు లేదు, నిజమే. చుక్కాని చేతిలో ఉంది.

దీనికి ఎదురుగా పూన్ లిమ్ కథ పెట్టి చూడండి. 1942 నవంబరులో దక్షిణ అట్లాంటిక్ లో అతను పనిచేస్తున్న బ్రిటిష్ సరుకు ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. ఆ చైనా యువకుడు చెక్క తెప్ప మీద ఒంటరిగా 133 రోజులు గడిపాడు. తెరచాప లేదు, చుక్కాని లేదు. 1943 ఏప్రిల్లో బ్రెజిల్ జాలరులు అతన్ని కాపాడారు. అన్ని రోజులూ అతను అడ్రిఫ్టే. ఈత సరిగా రాదు కాబట్టి నీళ్లలో పడిపోతే తెప్ప చేజారకుండా మణికట్టుకు తాడు కట్టుకునేవాడట. తెప్పను పట్టి ఉంచే తాడు లేదు, తనను తెప్పకు పట్టి ఉంచే తాడు మాత్రం ఒకటి మిగుల్చుకున్నాడు.

అంతరిక్షంలోనూ ఇదే లెక్క. 1984 ఫిబ్రవరిలో అమెరికా వ్యోమగామి బ్రూస్ మెక్‌కాండ్లెస్ తాడు లేకుండా నౌక నుంచి దాదాపు వంద మీటర్ల దూరం వెళ్లిన ఫొటో చూసే ఉంటారు. నల్లటి శూన్యంలో ఒంటరిగా ఉన్న ఆ తెల్లటి ఆకారాన్ని చూడగానే అడ్రిఫ్ట్ అనాలనిపిస్తుంది. కానీ అతని వీపున వాయువు చిమ్మే యంత్రం, చేతుల కింద దాని మీటలు ఉన్నాయి. తను వెళ్లాలనుకున్న వైపు వెళ్లి తిరిగి వచ్చాడు.

ఇంజను ఆగి కొట్టుకుపోతున్న ఓడను నౌకా నిబంధనల్లో ఏమంటారు?

ఇక్కడ మామూలు ఇంగ్లిషుకూ ఓడల చట్టానికీ చిన్న తేడా ఉంది. ఓడలు ఢీకొనకుండా 1972లో చేసుకున్న అంతర్జాతీయ నిబంధనల ప్రకారం లంగరు వేయని, ఒడ్డుకు కట్టని, నేలకు తట్టుకోని ఓడ ఏదైనా "అండర్ వే" కిందే లెక్క. ఇంజను ఆగి నీటి వాలున పోతున్నదీ అండర్ వేనే. ఏదో లోపం వల్ల నడపలేని స్థితిలో ఉన్నదాన్ని "నాట్ అండర్ కమాండ్" అంటారు. పగలైతే నిలువు వరుసలో రెండు నల్లటి గుండ్రని గుర్తులు, రాత్రయితే అలాగే రెండు ఎర్ర దీపాలు చూపాలి. నేను తప్పుకోలేను, మీరే తప్పుకోండి అని చుట్టుపక్కల ఓడలకు అది చెప్పే మాట.

కాబట్టి మీరు నౌకా రంగపు పత్రం అనువదిస్తున్నట్టయితే ఆ పారిభాషిక పదాలను అలాగే ఉంచండి. వార్త రాస్తున్నట్టయితే అడ్రిఫ్ట్ చాలు.

కొట్టుకుపోవడం, నేలకు తట్టుకోవడం, ఒడ్డుకు చేరడం, గల్లంతు కావడం: వీటికి ఏ మాట ఎక్కడ?

విశాఖ వాసులకు ఒక ఉదాహరణ చాలు. 2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు బంగ్లాదేశ్ సరుకు ఓడ ఎం.వి. మా లంగరు పట్టు తప్పి వచ్చి తెన్నేటి పార్కు దగ్గర తీరానికి తట్టుకుంది. లంగరు వేసి ఉన్నంతసేపు "ఎట్ యాంకర్". లంగరు నేలను పట్టుకోలేక ఈడ్చుకుపోతే యాంకరును "డ్రాగ్" చేస్తోందంటారు. ఆ తర్వాత గాలికీ అలలకూ లోబడి వచ్చిన దూరమంతా అడ్రిఫ్ట్. రాళ్ల దగ్గర తట్టుకుని నిలిచిపోయాక "అగ్రౌండ్". ఒక్క రాత్రి కథలో నాలుగు మెట్లు. తెలుగు వార్తల్లో మాత్రం ఇలాంటివన్నీ "కొట్టుకొచ్చింది" అన్న ఒక్క మాటలో ఇమిడిపోతాయి. తెలుగు నుంచి ఇంగ్లిషులోకి తెచ్చేటప్పుడు ఆ ఒక్క మాటను మళ్లీ విడదీసుకోవాలి.

2022 మే నెలలో అసని తుపాను రోజుల్లో శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి తీరానికి వచ్చిన బంగారు రంగు రథం ఇంకో ఉదాహరణ. అది సముద్రంలో ఉన్నప్పుడు అడ్రిఫ్ట్. ఒడ్డుకు చేరాక "వాష్డ్ అషోర్". ఒడ్డున జనం తాడు వేసి లాగుతున్న రథాన్ని అడ్రిఫ్ట్ అనలేం, తాడు ఉంది కదా.

గల్లంతు అన్నది వేరే సంగతి. వేటకు వెళ్లిన పడవ ఇంజను చెడి కొట్టుకుపోతోంది, కానీ ఎక్కడుందో తెలుసు, ఫోనులో మాట్లాడుతున్నారు. అది అడ్రిఫ్ట్. ఆచూకీ తెలియకపోతేనే గల్లంతు, ఇంగ్లిషులో "మిస్సింగ్". ఈ రెండింటినీ కలిపేసి రాస్తే ఒడ్డున ఎదురుచూసే ఇంటివాళ్ల గుండె ఆగిపోతుంది. ఇక్కడ నేను చాలా పట్టుదలగా ఉంటాను.

మనుషుల విషయంలో అడ్రిఫ్ట్ కు తెలుగులో ఏ మాట వాడాలి?

ఒకే మాట ఉండదు. నేను పాటించే పద్ధతి ఒకటే. ముందు తెగిన తాడు ఏదో కనిపెట్టాలి. ఆ మనిషిని అప్పటిదాకా పట్టి ఉంచింది ఏమిటి? ఉద్యోగమా, భార్యా, ఊరా, నమ్మకమా? అది తెలిస్తే తెలుగు మాట దానంతట అదే వస్తుంది.

ముప్పై ఐదేళ్లు ఉదయం ఏడున్నరకే భోజనం డబ్బా సర్దుకుని బయల్దేరిన మనిషి. విరమణ మర్నాడు కూడా ఏడున్నరకు స్నానం చేసి, చొక్కా వేసుకుని, వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎక్కడికీ వెళ్లాల్సిన పని లేదు. "హి ఫెల్ట్ అడ్రిఫ్ట్" అని ఇంగ్లిషులో మూడు మాటల్లో అనేస్తారు. ఇక్కడ తాడు ఆ ఏడున్నర. తెలుగులో "ఏమీ తోచక, ఏం చేయాలో తెలియక" అంటే చాలు. "చుక్కాని లేని నావలా అయిపోయాడు" అనవచ్చు, కానీ అది బరువైన మాట, కథ మొత్తంలో ఒకసారికి మించి వాడకూడదు.

భర్త పోయిన ఆవిడ గురించి అయితే తాడు మనిషే. "ఆలంబన లేక", "దిక్కు తోచక" సరిపోతాయి. "దిక్కు లేక" అనే ముందు మాత్రం ఆలోచించండి. తోచకపోవడం ఆమె మనసు సంగతి, లేకపోవడం ఆమె బతుకు సంగతి. అడ్రిఫ్ట్ చాలాసార్లు మొదటిదే చెబుతుంది. ఇల్లూ వాకిలీ డబ్బూ అన్నీ ఉన్నవాళ్లు కూడా అడ్రిఫ్ట్ కావచ్చు.

పల్లె విడిచి నగరంలో చేరి ఎవరితోనూ కలవలేక తిరుగుతున్న యువకుడి గురించి అయితే "దారం తెగిన గాలిపటం" ఉంది. ఈ పోలిక నాకు చాలా ఇష్టం. నీళ్ల మీద ఇంగ్లిషువాడు చూసినదాన్ని మనం సంక్రాంతి ఆకాశంలో చూశాం. దారం తెగిన గాలిపటం వెంటనే పడిపోదు. కాసేపు పైకి కూడా లేస్తుంది. చూసేవాళ్లకు ఎంత స్వేచ్ఛగా ఎగురుతోందో అనిపిస్తుంది. అడ్రిఫ్ట్ లోనూ సరిగ్గా ఆ భ్రమ ఉంది.

అయితే ఇది ఎప్పుడూ బాధ కలిగించే మాటేనా?

దాదాపు ఎప్పుడూ. కావాలని ప్రవాహానికి లోబడిపోవడాన్ని చెప్పాలంటే డ్రిఫ్ట్ అనే క్రియ వాడతారు, అడ్రిఫ్ట్ కాదు. నార్వే అన్వేషకుడు ఫ్రిట్జోఫ్ నాన్సెన్ 1893లో ఫ్రామ్ అనే ఓడను ఆర్కిటిక్ మంచులో కావాలనే బిగుసుకుపోనిచ్చాడు. మంచు ఎటు కదిలితే ఓడ అటు కదలాలి, ఆ లెక్కన ధ్రువం దగ్గరికి చేరవచ్చని అతని ఆలోచన. 1896లో ఓడ క్షేమంగా బయటపడింది. ఆ ప్రయాణాన్ని ఫ్రామ్ డ్రిఫ్ట్ అంటారు. దాన్ని అడ్రిఫ్ట్ అంటే నాన్సెన్ తెలివిని తక్కువ చేసినట్టు.

"ఫైవ్ పాయింట్స్ అడ్రిఫ్ట్" అని క్రీడల పేజీలో చూశాను. ఇందులో పడవ ఎక్కడుంది?

ముందున్న జట్టు కంటే ఐదు పాయింట్లు వెనక ఉందని. వెనకబడటానికే వాడతారు, ముందంజకు ఎప్పుడూ వాడరు. వెనక "ఆఫ్" అనో "బిహైండ్" అనో వస్తుంది. ఎక్కువగా బ్రిటిష్ ఇంగ్లిషు, దాన్ని చదివి పెరిగిన మన పత్రికల ఇంగ్లిషు కూడా. అమెరికా పాఠకులకు కొంచెం వింతగా ఉంటుంది.

ఓడల గుంపు వెళ్తుంటే ఒకటి వెనక ఉండిపోయి, నీటి నడుమ దూరం పెరుగుతున్నట్టు ఊహించుకోండి. పట్టికలో అన్నిటికంటే కింద, పైజట్టుకు పది పాయింట్ల దూరంలో ఉన్న జట్టును గురించి ఈ మాట రావడం అందుకే, మిగతా అందరి నుంచీ తెగిపోయింది కాబట్టి. తెలుగులో మాత్రం "ఐదు పాయింట్లు వెనకబడి ఉంది" అంటే చాలు. ఇక్కడ పడవను తెచ్చి పెట్టాల్సిన అవసరం లేదు.

గుండీ కూడా అడ్రిఫ్ట్ అవుతుందా?

అవుతుంది. "కమ్ అడ్రిఫ్ట్" అంటే ఊడి రావడం, విడిపోవడం. చొక్కా గుండీ, బూటు లేసు, గోడకు అతికించిన కాగితం మూల. ఇదీ బ్రిటిష్ అలవాటే. తాడు గుర్తుందా? ఇక్కడ అది నిజంగానే దారం. ప్రణాళికలు "గో అడ్రిఫ్ట్" అయ్యాయంటే అనుకున్న దారి తప్పాయని. తెలుగులో "గాడి తప్పాయి" అనండి, బండి గాడి అయినా పని జరుగుతుంది.

బ్రిటిష్ నావికులు ఆలస్యంగా వచ్చినవాణ్ని అడ్రిఫ్ట్ అంటారట, నిజమేనా?

నిజమే. బ్రిటిష్ నౌకాదళపు వాడుకలో సెలవు ముగిసినా ఓడకు చేరనివాడు, విధికి వేళ మించి వచ్చినవాడు అడ్రిఫ్ట్. ఓడ ఉండాల్సిన చోట ఓడ, మనిషి ఉండాల్సిన చోట మనిషి లేకపోవడం వాళ్లకు ఒకటే.

అలూఫ్, "ఎట్ సీ" కూడా సముద్రం మాటలే కదా. వాటికీ దీనికీ తేడా ఏమిటి?

అలూఫ్ లో ఉన్నది కావాలని దూరం పాటించడం. గాలి తమను ప్రమాదకరమైన తీరం వైపు నెట్టకుండా ఓడ ముక్కును గాలి వైపు తిప్పి ఎడంగా నిలపడానికి వాడిన ఆజ్ఞ అది. అందుకే ఎవరితోనూ కలవనివాణ్ని అలూఫ్ అంటారు, మనం అంటీముట్టనట్టు ఉంటాడంటాం. అలూఫ్ మనిషి చేతిలో చుక్కాని గట్టిగానే ఉంది. అడ్రిఫ్ట్ మనిషికి లేనిది అదే. ఇద్దరూ దూరంగానే కనిపిస్తారు, కానీ ఒకరు దూరం పెట్టినవారు, ఒకరు దూరమైపోయినవారు. పాత్ర చిత్రణలో ఈ రెండింటినీ తారుమారు చేస్తే మొత్తం మనిషే మారిపోతాడు.

"ఎట్ సీ" అంటే ఏమీ అర్థం కాక తికమకపడటం. కొత్త సాఫ్ట్‌వేరు ముందు కూర్చున్న గుమాస్తా ఎట్ సీ. రెండు రోజుల శిక్షణతో ఒడ్డున పడతాడు.

అమెరికాలో చదువుతున్నాను. "ఐ ఫీల్ అడ్రిఫ్ట్ హియర్" అని స్నేహితులకు చెప్పగలుగుతున్నాను. ఫోనులో అమ్మకు తెలుగులో ఎలా చెప్పాలి?

ఇలాంటి ప్రశ్నలు ఈ మధ్య ఎక్కువగా వస్తున్నాయి, కొన్ని అర్ధరాత్రి వస్తాయి. "దిక్కు తోచడం లేదమ్మా" అనకండి. ఆవిడకు అది ఆపద మాటగా వినిపిస్తుంది, తెల్లారేసరికి నాన్నగారు టికెట్లు చూస్తుంటారు. "బోర్ కొడుతోంది" అని తేల్చేయకండి, అది అబద్ధం. "చుక్కాని లేని నావ" అంటే పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది.

మీ విషయంలో తెగిన తాడు ఏదో చూసుకోండి. బహుశా అది పెద్ద సంగతేమీ కాదు. "తిన్నావా" అని రోజుకు మూడుసార్లు అడిగే మనిషి పక్కన లేకపోవడం, ఆలస్యంగా వస్తే గుమ్మంలో దీపం వేసి ఉంచేవాళ్లు లేకపోవడం. అదే చెప్పండి. "అమ్మా, నాకు ఇక్కడ ఏ లోటూ లేదు. కానీ రాత్రి ఎంత ఆలస్యంగా వచ్చినా ఎక్కడికి వెళ్లావని అడిగేవాళ్లు లేరు." ఆవిడ ఇంగ్లిషు చదువుకోకపోయినా ఈ మాట అర్థం ఆవిడకు పూర్తిగా అందుతుంది. మర్నాటి నుంచి మీ రాత్రి ఏ వేళకు ఫోను మోగుతుందో చూడండి.